ఎల్‌వీఎం3కి కాళ్లు బిగిస్తే సరిపోతుందా? తిరిగి వాడే బూస్టర్ల రూపకల్పనలో ఏది పొందడానికి ఏది వదులుకోవాలి

మీరు అడిగినది ఇది: స్పేస్‌ఎక్స్ అనే అమెరికా సంస్థ రాకెట్టు ఫాల్కన్ 9 మొదటి దశ (నేల నుంచి ఎత్తి, తన పని అయ్యాక విడిపోయే కింది భాగం) 2015 డిసెంబరు నుంచి నిలువుగా వచ్చి దిగుతోంది కదా, మన ఇస్రో భారీ రాకెట్టు ఎల్‌వీఎం3కి కూడా కాళ్లు బిగించి, ట్యాంకుల్లో కొంత ఇంధనం మిగుల్చుకుంటే దాన్ని దించి మళ్లీ వాడుకోలేమా, వాడుకోగలిగితే ఇన్నాళ్లూ ఎందుకు వాడుకోలేదు? ద్రవ ఇంధన ఇంజిన్ల పరీక్షల్లో రెండు దశాబ్దాలకు పైగా పనిచేశాను. కళాశాలలకు మాట్లాడటానికి వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటారు. పది నిమిషాల్లో దానికి న్యాయం చేయలేక ప్రతిసారీ అసంతృప్తితో తిరిగి వచ్చేవాణ్ణి, అందుకే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే, ఇప్పుడున్న ఎల్‌వీఎం3ని అలా దించలేము, కానీ అందుకు కారణం కాళ్లు లేకపోవడం కాదు. ఒక రాకెట్టు తిరిగి వాడటానికి పనికివస్తుందా లేదా అన్నది, దాని అడుగున ఎన్ని ఇంజిన్లు ఉండాలి, ఒక్కొక్కదాని థ్రస్ట్ (తోసే బలం) ఎంత, మొదటి దశ ఏ వేగం దగ్గర విడిపోవాలి అన్న మూడు అంకెలు కాగితం మీద పెట్టిన రోజే దాదాపుగా తేలిపోతుంది. కాళ్లు, దారి సరిచేసే జాలీ రెక్కలు, దిగే నౌక ఇవన్నీ ఆ మూడు అంకెల వెనక నడిచివచ్చేవే.

మొదట ఇంజిన్ల సంఖ్య చూద్దాం. ఫాల్కన్ 9 మొదటి దశలో 9 మెర్లిన్ ఇంజిన్లున్నాయి, సముద్ర మట్టం దగ్గర ఒక్కొక్కదాని థ్రస్ట్ 845 కిలోన్యూటన్లు, అంటే సుమారు 86 టన్నుల బరువును ఎత్తగల బలం. నేలను వదిలేటప్పుడు 550 టన్నుల దాకా బరువుండే ఆ రాకెట్టులో, దిగివచ్చే ఖాళీ మొదటి దశ బరువు 25 టన్నుల చుట్టుపక్కల ఉంటుందని అంచనా. కాబట్టి తొమ్మిదింటిలో ఎనిమిదింటిని ఆపేసి మధ్యలో ఉన్న ఒక్కదాన్నే వెలిగించినా, దాన్ని సగానికి తగ్గించినా, 43 టన్నుల బలం వస్తుంది. అది కూడా ఎక్కువే, కానీ లెక్కకు లొంగుతుంది. ఇప్పుడు ఎల్‌వీఎం3 మధ్య దశ ఎల్110ని చూడండి. అందులో రెండే వికాస్ ఇంజిన్లు, ఒక్కొక్కదాని థ్రస్ట్ 80 టన్నుల స్థాయిలో ఉంటుంది. ఖాళీ దశ బరువు 10 టన్నుల దరిదాపుల్లోనే ఉంటుంది. 2023 జనవరిలో తమిళనాడులోని ఇస్రో పరీక్షా కేంద్రం మహేంద్రగిరిలో వికాస్ ఇంజిన్‌ను 67 శాతం థ్రస్ట్ దగ్గర నడిపి చూశారు, అది మంచి ఫలితమే. అయినా ఒక్క ఇంజిన్‌ను, అదీ పక్కకు ఉన్నదాన్ని, 67 శాతానికి తగ్గించి వెలిగించినా ఖాళీ దశ బరువుకు ఐదు రెట్ల బలం పైకి తోస్తుంది. రెండు ఇంజిన్ల దశలో మధ్యగీత మీద ఇంజిన్ ఉండదు కాబట్టి ఒక్కదాన్నే వెలిగిస్తే దశ తిరగబడకుండా ఆపడమే మొదటి సమస్య అవుతుంది. పైగా ఆ ఇంజిన్లు గాలి పలుచబడ్డాక ఆకాశంలో వెలగడానికి ఉద్దేశించినవి. వాటి నాజిల్‌ను (మంట బయటికి వచ్చే గంట ఆకారపు గొట్టాన్ని) సముద్ర మట్టం గాలి ఒత్తిడిలో తగ్గించిన థ్రస్ట్‌తో నడిపితే లోపలి వాయుప్రవాహం గోడను వదిలి ఊగిసలాడుతుంది.

మరి నేలమీద నుంచి ఎల్‌వీఎం3ని ఎత్తేవి ఏవి? ఎస్200 ఘన ఇంధన బూస్టర్లు. ఒక్కొక్కదానిలో 200 టన్నులకు పైగా ఘన ఇంధనం ఉంటుంది. దాన్ని ఒకసారి వెలిగిస్తే అయిపోయేదాకా ఆగదు, మళ్లీ వెలగదు. అలాంటి బూస్టర్‌ను తిరిగి తెచ్చుకోవడానికి ఒకటే దారి, పారాచూట్లు కట్టి సముద్రంలో పడేయడం. అమెరికా స్పేస్ షటిల్ ఆ పనే చేసింది. 1981 నుంచి 2011 వరకు జరిగిన 135 ప్రయాణాల్లో దాని ఘన బూస్టర్లు అట్లాంటిక్‌లో సెకనుకు 23 మీటర్ల వేగంతో నీటిని తాకేవి. లిబర్టీ స్టార్, ఫ్రీడమ్ స్టార్ అనే రెండు నౌకలు వెళ్లి వాటిని ఈడ్చుకొచ్చేవి. విడదీసి, కడిగి, ముక్కలను రైల్లో యూటా రాష్ట్రానికి పంపి మళ్లీ ఇంధనం నింపేవారు. అరంగుళం మందం ఉన్న ఉక్కు గొట్టాలు కాబట్టి అవి ఆ దెబ్బను తట్టుకున్నాయి. కానీ ఒక ఉక్కు గొట్టాన్ని మిగుల్చుకోవడానికి రెండు నౌకలు, గజ ఈతగాళ్లు, రైళ్లు, ఉప్పునీటిని వదిలించే కర్మాగారం పోషించాల్సి వచ్చింది. అందులో ఆదా అయినది చాలా స్వల్పం.

ద్రవ ఇంధన దశకు ఆ దారి కూడా లేదు, ఎందుకంటే దాని ట్యాంకు గోడలు మిల్లీమీటర్ల మందమే. స్పేస్‌ఎక్స్ కూడా మొదట్లో పారాచూట్లనే నమ్ముకుంది. 2010లో ఎగిరిన తొలి ఫాల్కన్ 9లు పారాచూట్ విచ్చుకునే దాకా కూడా రాలేదు, వాతావరణంలోకి దిగుతుండగానే ముక్కలయ్యాయి. ఎలక్ట్రాన్ లాంటి చిన్న రాకెట్టుకు మాత్రం పారాచూట్ కొంత పనికివచ్చింది. 2022 మే నెలలో రాకెట్ ల్యాబ్ వారు దాన్ని హెలికాప్టర్ కొక్కేనికి తగిలించారు కూడా, అయితే బరువు లాగే తీరు పైలట్‌కు నచ్చక వెంటనే వదిలేయాల్సి వచ్చింది.

ఇక విడిపోయే వేగం సంగతికి వస్తాను. నా దృష్టిలో మొత్తం రూపకల్పనలో అతి కీలకమైన నిర్ణయం ఇదే, మామూలు చర్చల్లో అతి తక్కువగా వినిపించేది కూడా ఇదే. ఫాల్కన్ 9 మొదటి దశ సుమారు రెండున్నర నిమిషాలకు, 65 నుంచి 80 కిలోమీటర్ల ఎత్తులో, గంటకు 6,000 నుంచి 8,000 కిలోమీటర్ల వేగంలో విడిపోతుంది. ఎల్110 ఐదు నిమిషాలు దాటాక గానీ విడిపోదు, అప్పటికి దాని వేగం ఫాల్కన్ వేగానికి రెట్టింపు దరిదాపుల్లో ఉంటుంది. వేగం రెట్టింపైతే చలనశక్తి నాలుగు రెట్లవుతుంది. వాతావరణంలోకి తిరిగి వచ్చేటప్పుడు తగిలే వేడి దాదాపుగా వేగం ఘనంతో పెరుగుతుంది కాబట్టి అది ఎనిమిది రెట్లకు చేరుతుంది. అల్యూమినియం ట్యాంకు ఆ వేడికి నిలవదు. వేడి కవచం వేస్తే బరువు పెరుగుతుంది. కిందికి వస్తూ ఇంజిన్లు వెలిగించి వేగం తగ్గించుకోవాలంటే అందుకు ఇంధనం కావాలి.

సరే, మొదటి దశను తొందరగా వదిలేస్తే పోదా అని మీరు అడగవచ్చు. వదిలేయవచ్చు, కానీ అప్పుడు మిగిలిన పనంతా పై దశ నెత్తిన పడుతుంది. ఫాల్కన్ రెండో దశ ఇంజిన్ థ్రస్ట్ 981 కిలోన్యూటన్లు. ఎల్‌వీఎం3 పై దశలోని సీఈ-20 క్రయోజెనిక్ ఇంజిన్ థ్రస్ట్ 200 కిలోన్యూటన్ల స్థాయిది. సీఈ-20 హైడ్రోజన్ ఇంజిన్ కాబట్టి కిలో ఇంధనానికి ఇచ్చే ఫలితంలో చాలా మెరుగు. కానీ ఇంకా తక్కువ వేగంలో, తక్కువ ఎత్తులో దాని చేతికి బరువైన వాహనాన్ని అప్పగిస్తే, కక్ష్య వేగం అందుకునేలోపే అది కిందికి జారిపోతుంది. అంటే మొదటి దశను తిరిగి వాడాలనుకునేవారు ముందుగా బలమైన రెండో దశను తయారు చేసుకోవాలి. ఆ రెండో దశలో సామర్థ్యం కొంత తగ్గినా ఒప్పుకోవాలి. ఫాల్కన్ రూపకర్తలు రెండో దశలోనూ కిరోసిన్‌నే వాడి ఆ నష్టాన్ని తెలిసే భరించారు. దాని వల్ల కలిగిన మరో మేలు గురించి ఖర్చుల దగ్గర చెబుతాను.

ఇప్పుడు మీరన్న "కొంత ఇంధనం" ఎంతో లెక్క వేద్దాం. ఖాళీ దశ 25 టన్నులు, ఇంజిన్ వాయువు బయటికి వచ్చే వేగం సగటున సెకనుకు 2.9 కిలోమీటర్లు అనుకోండి. దారిలో ఉన్న నౌక మీద దిగడానికి వేగం తగ్గించే మంట, దిగే మంట కలిపి సెకనుకు 1 కిలోమీటరు వేగమార్పు కావాలంటే, రాకెట్ సమీకరణం ప్రకారం సుమారు 10 టన్నుల ఇంధనం, ఆక్సిజన్ మిగుల్చుకోవాలి. అలా కాకుండా వెనక్కి తిరిగి ప్రయోగ కేంద్రం దగ్గరికే రావాలంటే, ముందుకు పోతున్న వేగాన్ని చంపి తిరుగుదారి పట్టాలి కాబట్టి మొత్తం సెకనుకు 3 కిలోమీటర్లు కావాలనుకుంటే, అదే లెక్కలో 45 టన్నులవుతుంది. వేగమార్పు మూడు రెట్లయితే ఇంధనం నాలుగున్నర రెట్లయింది. ఇది వివరణ కోసం వేసిన లెక్కే, ఏ ఒక్క ప్రయోగానికీ చెందినది కాదు, కానీ నౌక ఎందుకు కావాల్సి వచ్చిందో దీనితో అర్థమవుతుంది. నౌక మీద దింపితే పేలోడ్ (రాకెట్టు కక్ష్యకు మోసుకెళ్లే సరుకు బరువు) ఎక్కువ మిగులుతుంది. బదులుగా సముద్రం, అలలు, రోజుల తరబడి ఈడ్చుకురావడం, ఉప్పుగాలి నెత్తిన పడతాయి. 2019 ఏప్రిల్‌లో, మూడు ఫాల్కన్ బూస్టర్లను పక్కపక్కన కట్టిన ఫాల్కన్ హెవీ రాకెట్టు మధ్య బూస్టర్ నౌక మీద చక్కగా దిగింది, కానీ తీరానికి వస్తుండగా అలల ఊపుకు పక్కకు ఒరిగి పడిపోయింది.

స్పేస్‌ఎక్స్ ప్రకటించిన అంకెల ప్రకారం ఫాల్కన్ 9 భూస్థిర బదిలీ కక్ష్యకు (ఉపగ్రహం భూస్థిర కక్ష్యకు వెళ్లే దారిలోని కక్ష్యకు) బూస్టర్‌ను, అంటే మొదటి దశను, వదులుకుంటే 8,300 కిలోలు, దించుకుంటే 5,500 కిలోలు మోయగలదు. అంటే మూడో వంతు పేలోడ్ పోయింది. తక్కువ ఎత్తు కక్ష్యలకు ఈ కోత ఇంతకంటే తక్కువ శాతంలో ఉంటుంది. మొదటి దశ మీద పెరిగిన ప్రతి కిలో బరువూ పేలోడ్‌లో అందులో కొంత భాగాన్నే తగ్గిస్తుంది, పై దశ మీద పెరిగినది మాత్రం కిలోకు కిలో కోసేస్తుంది. అందుకే ప్రపంచమంతా మొదట మొదటి దశ మీద పడింది.

దిగే చివరి క్షణాల్లో ఉన్న బేరం ఇంకా ఆసక్తికరమైనది. దిగే మంటకు ముందు దశ సెకనుకు 250 మీటర్ల వేగంతో పడుతోంది, బరువు 28 టన్నులు అనుకుందాం, గాలి నిరోధాన్ని వదిలేద్దాం. ఒక్క మెర్లిన్‌ను పూర్తి థ్రస్ట్‌తో వెలిగిస్తే గురుత్వాకర్షణ పోగా మిగిలే త్వరణం సెకను వర్గానికి 20 మీటర్లు, కాబట్టి పన్నెండు సెకన్లలో ఆగుతుంది. ఆ ఇంజిన్ సెకనుకు 305 కిలోలు తాగుతుంది, మొత్తం 3.7 టన్నుల ఖర్చు. అదే సగం థ్రస్ట్‌తో నెమ్మదిగా దింపుదామనుకుంటే మిగిలే త్వరణం 5 మీటర్ల పైచిలుకే. ఆగడానికి 47 సెకన్లు పడుతుంది, 7 టన్నులు దాటి ఖర్చవుతుంది. సున్నితంగా దింపడానికి దాదాపు రెట్టింపు ఇంధనం పోయింది, ఎందుకంటే గాలిలో ఉన్న ప్రతి సెకనూ గురుత్వాకర్షణకు కప్పం కట్టాల్సిందే. వేగంగా, ఆలస్యంగా, బలంగా బ్రేకు వేయడమే పొదుపు. కానీ అలా చేస్తే పొరపాటుకు చోటు ఉండదు. పదో వంతు సెకను తేడాతో వెలిగినా 25 మీటర్ల తేడా వస్తుంది. ముందే ఆగిపోతే గాలిలో నిలబడి సర్దుకోవడానికి వీల్లేదు, కనిష్ఠ థ్రస్ట్ కూడా బరువు కంటే ఎక్కువ కాబట్టి దశ మళ్లీ పైకి లేస్తుంది. అందుకే దిగే దారిని పూర్తి థ్రస్ట్‌కూ కనిష్ఠ థ్రస్ట్‌కూ మధ్యలో ఉంచి, రెండు వైపులా సర్దుబాటుకు జాగా వదిలి, కంప్యూటర్ ఆ దారిని ఎప్పటికప్పుడు మళ్లీ మళ్లీ లెక్క కడుతూ వస్తుంది. ఇంజిన్ థ్రస్ట్‌ను ఎంత లోతుగా తగ్గించగలిగితే ఆ జాగా అంత పెరుగుతుంది. అయితే అలా తగ్గించగల ఇంజిన్ తయారు చేయడం కష్టం. ఇంధనం చల్లే రంధ్రాల దగ్గర ఒత్తిడి పడిపోయి మంట ఊగడం మొదలుపెడుతుంది, పంపు దాని సౌకర్యపు పరిధి దాటి నడవాల్సి వస్తుంది.

ఇంధనం ఇంకా పొదుపు చేయాలని చివరి బ్రేకుకు ఒకటికి బదులు మూడు ఇంజిన్లు వెలిగించే పద్ధతి కూడా ఉంది. 2018 ఫిబ్రవరిలో తొలి ఫాల్కన్ హెవీ మధ్య బూస్టర్ అలాగే దిగబోయింది. మధ్య ఇంజిన్ వెలిగింది గానీ, పక్క రెండింటికీ మంట అంటించే ద్రవం చాలలేదు. బూస్టర్ గంటకు 480 కిలోమీటర్ల వేగంతో నౌక పక్కన నీటిలో పడిపోయింది. వందల టన్నుల రాకెట్టులో కొద్దిపాటి రసాయనం తక్కువైంది, అంతే. ఇంజిన్‌ను ఎన్నిసార్లు వెలిగించాలో అన్నిసార్లకూ ఆ ద్రవం మోసుకెళ్లాలి, మోసే ప్రతి చుక్కా బరువే. ఈ ఒక్క విషయంలో వికాస్‌కు సహజమైన వీలు ఉంది. దాని ఇంధనం, ఆక్సీకారి ఒకదాన్ని ఒకటి తాకితే చాలు, వాటంతట అవే మండుతాయి. 2025 జనవరిలో మహేంద్రగిరిలో దాన్ని 60 సెకన్లు నడిపి, 120 సెకన్లు ఆపి, మళ్లీ 7 సెకన్లు వెలిగించి చూపారు. కానీ అవే ద్రవాలు విషపూరితం. దిగిన దశ ట్యాంకుల అడుగున మిగిలిన ఆవిరిని తొలగించేదాకా మామూలు దుస్తుల్లో ఎవరూ దాని దగ్గరికి వెళ్లకూడదు. దిగిన బూస్టర్‌ను వారాల్లో మళ్లీ ఎగరేయాలనుకునేవారికి అది పెద్ద గుదిబండ.

రెక్కల గురించి, కాళ్ల గురించి కొద్దిగా చెప్పి ముందుకు వెళతాను. ఫాల్కన్ జాలీ రెక్కలు మొదట అల్యూమినియంతో చేసినవి, మీద కవచపు పూత ఉండేది, అయినా దిగేటప్పుడు వాటి అంచులు మండిపోయేవి. 2017 జూన్‌లో వాటి స్థానంలో బరువైన టైటానియం రెక్కలు వచ్చాయి. వాటికి పూత అక్కర్లేదు, మార్చనూ అక్కర్లేదు. బరువు పెరగనిచ్చి మరమ్మతును తగ్గించుకోవడం అన్న ఈ బేరం తిరిగి వాడే రాకెట్టులో ప్రతి మూలా కనిపిస్తుంది. కాళ్ల విషయానికొస్తే, 1996 జూలైలో డీసీ-ఎక్స్‌ఏ అనే అమెరికా ప్రయోగ వాహనం అంతా సవ్యంగా దిగి, నాలుగింటిలో ఒక కాలు తెరుచుకోక పక్కకు ఒరిగి కాలిపోయింది. కారణం, ఆ కాలికి వెళ్లే ఒక సన్నని గాలి గొట్టం బిగించకపోవడం. ఇరవై ఏళ్ల తరువాత 2016 జనవరిలో ఒక ఫాల్కన్ కూడా నౌక మీద మెత్తగా దిగి, ఒక కాలు గడియ పడక అలాగే కూలింది. ఈ బెంగ పడలేకే, బరువు కూడా కలిసివస్తుందనీ, స్పేస్‌ఎక్స్ తన కొత్త భారీ రాకెట్టు స్టార్‌షిప్ బూస్టర్‌కు కాళ్లే తీసేసి 2024 అక్టోబరు 13న ప్రయోగ గోపురం చేతులతో గాలిలోనే పట్టుకున్నారు. కాళ్ల బరువు రాకెట్టు మీద నుంచి నేలకు దిగింది. బదులుగా పొరపాటు జరిగితే పోయేది ఒక్క బూస్టర్ కాదు, ప్రయోగ వేదికే పోతుంది. రెండో వేదిక ఉన్నవారికే ఆ ధైర్యం చెల్లుతుంది.

నా మనసుకు దగ్గరైన భాగం ఇంజిన్ ఆయుష్షు. ఒక్కసారి వాడే ఇంజిన్ కొన్ని నిమిషాలు బతికితే చాలు. తిరిగి వాడే ఇంజిన్‌లో, ఇంధనం తోడే పంపును తిప్పే టర్బైన్ చక్రం ఒక సెకను లోపల గది ఉష్ణోగ్రత నుంచి వందల డిగ్రీలకు ఎక్కుతుంది, ఆపినప్పుడు మళ్లీ పడిపోతుంది. ఒక్క ప్రయాణంలోనే ఇలా మూడు నాలుగు సార్లు జరుగుతుంది. ఎంతసేపు నడిచింది అన్నదాని కంటే ఎన్నిసార్లు వెలిగి ఆరింది అన్నదే లోహాన్ని అలసిపోయేలా చేస్తుంది. మెర్లిన్ టర్బైన్ చక్రాల్లో సన్నని పగుళ్లు కనిపించాయని 2017లో అమెరికా ప్రభుత్వ తనిఖీ నివేదికల్లో వచ్చింది. ఆ తరువాత 2018 మేలో ఎగరడం మొదలుపెట్టిన బ్లాక్ 5 రూపంలో దాన్ని మార్చారు. అదే రూపంలో ఇంజిన్లను పట్టి ఉంచే అడుగు చట్రాన్ని కూడా అతుకులతో కాకుండా బోల్టులతో బిగించారు, విప్పి చూసుకోవడానికి వీలుగా. నాసా పద్ధతిలో అలసట ఆయుష్షుకు నాలుగు రెట్ల భద్రత పెట్టుకోవడం ఆనవాయితీ, అంటే పదిసార్లు ఎగరాలనుకుంటే నలభైసార్లకు తట్టుకుంటుందని రుజువు చూపించాలి. ఆ రుజువు కోసమే చాలా ఇంజిన్లు పరీక్షా వేదిక మీద అరిగిపోవాలి.

దీన్ని నేను స్వయంగా ఎలా తెలుసుకున్నానో చెబుతాను. చాలా ఏళ్ల కిందట, నేను పనిచేసిన ఒక చోట, కిరోసిన్‌తో నడిచే ఒక టర్బోపంప్‌ను పరీక్షించాక లోపలికి బోరోస్కోప్ దింపి చూస్తున్నాం. చూపుడువేలంత మందం కూడా లేని గొట్టం చివర చిన్న కెమెరా, దాని పక్కన చిన్న దీపం. ఒక టర్బైన్ రెక్క మొదట్లో, చక్రానికి అతుక్కునే వంపు దగ్గర, నాలుగు మిల్లీమీటర్ల నల్లటి గీత కనిపించింది. మసి అన్నాడు నా పక్కనున్నాయన. దీపం కోణం మార్చి చూశాం, గీత అలాగే ఉంది. అటు నుంచి చూద్దామంటే గొట్టం వంగదు, ఆ వైపు చూడటానికి రంధ్రమే పెట్టలేదు. పగులైతే మరోసారి నడిపినప్పుడు చక్రం ముక్కలై వేదికనే ధ్వంసం చేస్తుంది. పంపు విప్పక తప్పలేదు. చక్రాన్ని ద్రావకంతో తుడిచి, పగుళ్లలోకి ఇంకే ఎర్ర రంగు పూసి, ఆగి, తుడిచేసి, తెల్ల పొడి చల్లి బల్ల చుట్టూ నిలబడ్డాం. పగులుంటే తెల్లపొడిలోకి ఎర్రగీత ఉబికి వస్తుంది. చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. ఎర్రగీత రాలేదు. యంత్రం చెక్కినప్పుడు మిగిలిన గీతలో ఇరుక్కున్న మసి అది. అంతా మళ్లీ బిగించి, లీకు పరీక్షలు చేసి, వేదిక మీదికి ఎక్కించేసరికి పదకొండు రోజులు గడిచాయి. పంపు బొమ్మ గీసిన రోజున రెండో వైపు చిన్న చూపు రంధ్రం పెట్టి ఉంటే అది అరగంట పని. కానీ ఆ రంధ్రం పెడితే కొంత బరువు, ఒక మూత, అధిక పీడన వాయువు లీకయ్యే ఒక కొత్త దారి ఏర్పడతాయి. ఒక్కసారే వాడే ఇంజిన్‌లో రంధ్రం పెట్టనివాడు సరైన పని చేశాడు. తిరిగి వాడే ఇంజిన్‌లో పెట్టినవాడు సరైన పని చేస్తాడు. ఒకే పంపు రెండు రకాలుగా సరైనది కాలేదని నేను అప్పుడే గ్రహించాను.

ఆ మసి కథే ఇంధనం ఎంపికను కూడా వివరిస్తుంది. కిరోసిన్ సాంద్రత ఎక్కువ, ట్యాంకు చిన్నది, నిల్వ తేలిక. కానీ అది వేడెక్కితే ఇంజిన్‌ను చల్లబరిచే సన్నని కాలువల్లో పేరుకుంటుంది, టర్బైన్ మీద మసి పట్టిస్తుంది. మీథేన్ దాదాపు శుభ్రంగా మండుతుంది. దాని సాంద్రత కిరోసిన్‌లో సగమే, అయితే దానితో ఆక్సిజన్ ఎక్కువ నిష్పత్తిలో కలుస్తుంది కాబట్టి మొత్తం ట్యాంకుల పరిమాణం సగటున ఐదో వంతు స్థాయిలో మాత్రమే పెరుగుతుంది. కొత్తగా మొదలుపెట్టినవారు మీథేన్ వైపే వెళ్లారు: స్పేస్‌ఎక్స్ రాప్టర్, 2025 నవంబరులో బూస్టర్‌ను దించిన బ్లూ ఆరిజిన్ సంస్థ రాకెట్టు న్యూ గ్లెన్‌లోని బీఈ-4 ఇంజిన్ అలాంటివే.

చివరగా ఖర్చులు. 2020లో స్పేస్‌ఎక్స్ అధిపతి ఎలాన్ మస్క్ బహిరంగంగా చెప్పిన లెక్క ప్రకారం, తిరిగి వాడటం వల్ల పేలోడ్ కోత 40 శాతంలోపు, బూస్టర్‌ను తెచ్చి సిద్ధం చేసే ఖర్చు 10 శాతంలోపు, కాబట్టి రెండో ప్రయాణానికే పెట్టుబడి సమానమవుతుంది, మూడోదానికి లాభం. పోటీ సంస్థ యునైటెడ్ లాంచ్ అలయన్స్ అధిపతిగా టోరీ బ్రూనో మాత్రం, ఒక్కో బూస్టర్ సగటున పదిసార్లు ఎగిరితే గానీ గిట్టుబాటు కాదన్నాడు. వీరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారని అనుకోనక్కర్లేదు. బ్రూనో రాకెట్టు మొదటి దశ ఎక్కువ వేగంలో విడిపోతుంది, ఏటా ఎగిరేది తక్కువ, కాబట్టి ఆయన లెక్కలో కోత ఎక్కువ, ఆదా తక్కువ. అందుకే వారు బూస్టర్ మొత్తాన్ని కాకుండా ఇంజిన్ల భాగాన్ని మాత్రమే విడదీసి, గాలి నింపిన వేడి కవచంతో దించే ఆలోచన చేశారు. వారి రాకెట్టుకు అది అర్థవంతమైనదే.

ఏటా ఎన్నిసార్లు ఎగురుతారు అన్నదే అసలు లెక్కను మార్చేస్తుంది. 2024లో ఫాల్కన్ కుటుంబం 130 సార్లకు పైగా ఎగిరింది, కొన్ని బూస్టర్లు ఇప్పటికే 30 ప్రయాణాలు దాటాయి. మన దేశం నుంచి కక్ష్య ప్రయోగాలు 2023లో 7, 2024లో 5. ఒక బూస్టర్ పదిసార్లు ఎగిరేటట్లయితే, అన్ని ప్రయోగాలూ దానితోనే చేసినా, మనకు ఏడాదిన్నరకో రెండేళ్లకో ఒక్క బూస్టర్ చాలు. అప్పుడు కర్మాగారం ఏం చేయాలి? అతుకు వేసే పనివాడి చేతి నైపుణ్యం ఏడాదిపాటు అతుకు వేయకపోతే నిలవదు, చిన్న చిన్న వాల్వులు చేసే సరఫరాదారు రెండేళ్లకొక ఆర్డరుతో బతకలేడు. ఫాల్కన్ ఈ చిక్కును దాటింది రెండో దశ వల్లే. రెండో దశలోనూ అదే మెర్లిన్ కుటుంబపు ఇంజిన్, అదే 3.66 మీటర్ల వ్యాసం ట్యాంకు, అవే పరికరాలు. ప్రతి ప్రయోగానికీ ఒక రెండో దశ తిరిగి రాకుండా పోతుంది కాబట్టి బూస్టర్లు తక్కువ కట్టినా కర్మాగారం ఆగదు. సామర్థ్యంలో వదులుకున్న ఆ కొంత ఇలా తిరిగి వచ్చింది.

మీ ప్రశ్నకు మన దేశంలో జవాబుగా వస్తున్నది ఎల్‌వీఎం3 కాదు, 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 8,240 కోట్ల రూపాయలతో ఆమోదించిన తదుపరి తరం ప్రయోగ వాహనం. తక్కువ ఎత్తు కక్ష్యకు 30 టన్నులు మోయాలి, మొదటి దశ తిరిగి వాడేలా ఉండాలి, మీథేన్ ఇంజిన్లు గుత్తిగా ఉండాలి, మూడు అభివృద్ధి ప్రయోగాలతో కలిపి ఎనిమిదేళ్లలో పూర్తి కావాలి అన్నది లక్ష్యం. పైన చెప్పిన మూడు అంకెలను మొదటి రోజు నుంచే తిరిగి వాడటానికి అనుకూలంగా పెట్టుకునే అవకాశం మనకు ఇందులో దొరికింది. దానికోసం 2025 జనవరిలో శ్రీహరికోటలో మూడో ప్రయోగ వేదికకు కూడా అనుమతి ఇచ్చారు. చిత్రదుర్గ దగ్గర 2023, 2024లలో మూడుసార్లు రన్‌వే మీద దిగిన రెక్కల వాహనం పుష్పక్ దీనికి వేరు. అది కక్ష్య నుంచి తిరిగి వచ్చే వాహనాలకు సాధన. బూస్టర్‌కు రెక్కలు తగిలిస్తే పైకి వెళ్లేంతసేపూ అవి మోతబరువే అన్నది నా అభిప్రాయం.

శ్రీహరికోట భూగోళం కూడా ఈ లెక్కలో భాగమే. ఒకవైపు పులికాట్ సరస్సు, ఒకవైపు బంగాళాఖాతం ఉన్న సన్నని దీవి అది. బూస్టర్‌ను వెనక్కి తెచ్చి అక్కడే దింపడానికి జాగా చూపవచ్చు, కానీ అందుకు ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది. నౌక మీద దింపాలంటే అది తీరానికి వందల కిలోమీటర్ల దూరంలో బంగాళాఖాతంలో నిలబడాలి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. నౌక కదలని ఆ నెలల్లో బరువైన ఉపగ్రహాలను పక్కకు పెట్టి, వెనక్కి తిరిగి వచ్చేంత ఇంధనం మిగిలే తేలిక పేలోడ్లను ఎగరేయాలి. లేదా బూస్టర్‌ను వదులుకోవడానికి సిద్ధపడాలి. ప్రయోగాల పట్టిక రాసేవారు, ట్యాంకు గీసేవారు ఒకే బల్ల దగ్గర కూర్చోవాల్సిన పని ఇది. ఆ మీథేన్ ఇంజిన్ వార్తలు వచ్చినప్పుడు గరిష్ఠ థ్రస్ట్ ఎంత అన్నదానితో ఆగకండి. థ్రస్ట్‌ను ఎంత శాతం దాకా తగ్గించారు, ఒకే ఇంజిన్‌ను విప్పకుండా ఎన్నిసార్లు వెలిగించారు అన్న రెండు అంకెల కోసం వెతకండి. నేనూ వాటికోసమే చూస్తున్నాను.